కొత్త కోడలికి మొదటి వారమే రొట్టె పరీక్షా?

జైనూర్ : పెళ్ళయి వచ్చిన అమ్మాయిని వారం తిరగక ముందే పొయ్యి ముందు కూర్చోబెట్టి, చేట నిండా జొన్నపిండి పెట్టి "రొట్టెలు చెయ్యి, చూద్దాం" అనడం పల్లెల్లో కొత్తేమీ కాదు. పిండి పగులుతుంది. రొట్టె అంచులు విరుగుతాయి. పెనం మీద వేయబోతే రెండు ముక్కలవుతుంది. చుట్టూ చేరిన ఆడపడుచులు నవ్వుతారు. మామ ఏమీ అనకుండా లేచిపోతాడు. ఆనాటి నుంచి ఆ పిల్లకు జొన్న అంటేనే భయం పట్టుకుంటుంది. బియ్యం కడిగి ఎసట్లో పోయడం ఒక్కటే ఇక ఆ ఇంటి వంట. తాతల నాటి నుంచి ఈ నేల మీద బతికిన జొన్న ఇట్లా ఒక్కొక్క ఇంటి గడప దాటిపోతున్నది. ఇందుకు ఆ పిల్లను తప్పు పట్టడం న్యాయం కాదు. వంట నేర్పే పద్ధతినే మార్చుకోవలసి ఉన్నది.

"మేము పదేళ్ళకే అమ్మ పక్కన కూర్చుని అన్నీ నేర్చుకున్నాం, ఈ కాలం పిల్లలకు ఏమయింది?" అని అత్తలు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వాళ్ళ ఇళ్ళలోనే ఉన్నది. ఏజెన్సీలో ఎందరో పిల్లలు చిన్న వయసులోనే ఆశ్రమ పాఠశాలలో, గురుకులంలో చేరుతున్నారు. పదో తరగతి, ఇంటర్ దాకా హాస్టల్లోనే తింటున్నారు. అక్కడ వంటమనిషి వండుతాడు, పిల్లలు తలె పట్టుకుని వరుసలో నిలబడతారు. సెలవులకు ఇంటికి వస్తే "చదువుకునే పిల్ల, పొయ్యి దగ్గరకెందుకు?" అని తల్లే వద్దంటుంది. చదువు కోసం తల్లిదండ్రులు ఇష్టపడి చేసిన ఏర్పాటు ఇది. అందులో తప్పు లేదు కూడా.

ఈ చదువుకు బీజం పడింది జైనూర్ మండలంలోనే. జోడేఘాట్‌లో 1940లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత నిజాం ప్రభుత్వం పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో నివాసం ఉన్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ప్రారంభమయింది. ఆనాడు ఈ గూడేల్లో ముఖ్యమైన పంట, ముఖ్యమైన తిండి జొన్నే. అక్షరం వచ్చిన దారినే జొన్న వెళ్ళిపోవలసిన అవసరం ఏమీ లేదు. బడిలో దొరకని పాఠాన్ని ఇంట్లో ఓపికగా చెప్పుకుంటే రెండూ నిలుస్తాయి.

రొట్టె ఎందుకు విరుగుతుంది?

జొన్నరొట్టె చేయడం అనుభవం ఉన్న చేతి పని. గోధుమపిండికి నీళ్ళు తగిలితే సాగే జిగురు పుడుతుంది. అందుకే చపాతీ ఎంత వత్తినా తెగదు. జొన్నపిండికి ఆ జిగురు లేదు. మరిగిన నీళ్ళు పోస్తే పిండి కొంత ఉడికి, ఆ ఉడికిన పిండే మిగతాదాన్ని పట్టి ఉంచుతుంది. నీళ్ళు చల్లగా ఉన్నా, చేత్తో బాగా మర్దించకపోయినా, పిండి పాతదయినా రొట్టె పగిలి తీరుతుంది. నెలల తరబడి డబ్బాలో ఉన్న పిండి చేదెక్కుతుంది కూడా. కాబట్టి పిండిని గిర్నిలో రెండు మూడు కిలోలకు మించి ఒక్కసారే పట్టించుకోరాదు. ఇవేవీ చెప్పకుండా పిండి ముందు పెట్టి నవ్వడం ఈత రాని వాణ్ణి నడి వాగులో దింపినట్లే అవుతుంది.

వంట మొదలుపెట్టవలసింది గటకతో. రొట్టె మూడో నెలలో నేర్చుకున్నా కొంప మునగదు.

మొదట గటక, పచ్చిపులుసు

ఆరుగురు ఉన్న ఇంటికి మూడు గ్లాసుల జొన్నరవ్వ, పన్నెండు గ్లాసుల నీళ్ళు సరిపోతాయి. ఒకటికి నాలుగు అని గుర్తు పెట్టుకుంటే చాలు. ఆ నీళ్ళలోనే రెండు గ్లాసులు తీసి రవ్వను అర్ధగంట నానబెట్టాలి. మిగతా నీళ్ళు సర్వలో పోసి, ఉప్పు వేసి మరగనివ్వాలి. మరిగే నీళ్ళలో నానిన రవ్వను కలియబెడుతూ పోయాలి. రవ్వ ముందే తడిసి ఉంటుంది కనుక ఉండలు కట్టదు. తర్వాత మంట తగ్గించి, మూత పెట్టి, మధ్య మధ్య అడుగు దాకా కలుపుతూ ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు ఉడికించాలి. చిక్కబడే వేళ గటక చిట్లి మీద పడుతుంది. పొడుగు కాడ గరిటె వాడాలి, కొంగు దోపుకోవాలి, చిన్న పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు.

గటక చెడిపోవడం అరుదు. పలచనయితే మరి కాసేపు ఉడికించాలి, దించి ఉంచినా అదే గట్టిపడుతుంది. గట్టిదయితే వేడినీళ్ళు పోసి కలపాలి. మిగిలితే మర్నాడు మజ్జిగ పోసుకుని పచ్చి ఉల్లిగడ్డతో తినవచ్చు. కొత్తగా వండే మనిషికి ఇంతకంటె ధైర్యం ఇచ్చే వంట ఇంకొకటి లేదు.

గటకకు తోడు పచ్చిపులుసు. దీనికి పొయ్యితోనే పని లేదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికి, నాలుగు గ్లాసుల నీళ్ళు కలిపి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, ఉప్పు, చిటికెడు బెల్లం వేస్తే అయిపోయింది. వేయించిన నువ్వులు దంచి కలిపితే రుచి పెరుగుతుంది. పులుపు ఎక్కువయితే నీళ్ళు, తక్కువయితే ఇంకొంచెం చింతపండు. ఇందులో దిద్దుకోలేని తప్పు ఏదీ లేదు.

ఇక పప్పు. ఒక గ్లాసు కందిపప్పు అర్ధగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు వేసి ఉడికించాలి. చాలామంది తొందరపడి చింతపండును, చుక్కకూరను మొదటే వేస్తారు. పులుపు తగిలిన పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు. పప్పు వేలి మధ్య నలిగిన తర్వాతే పులుపు, ఉప్పు, ఆకుకూర వేయాలి. చివర ఎల్లిగడ్డ, జీలకర్ర, ఎండుమిరపకాయతో పోపు పెడితే సరి. ఉప్పు ఎప్పుడూ తగ్గించే వేయాలి. చాలకపోతే కలుపుకోవచ్చు, ఎక్కువయితే తీయలేరు. పప్పులో ఉప్పు ఎక్కువయిన రోజున మరికొంత పప్పు విడిగా ఉడికించి కలపడమే ఉపాయం.

చేతిలో పైసలున్న రోజున నాలుగు ఉల్లిగడ్డలు నూనెలో ఎర్రగా వేయించి, కారం, పసుపు వేసి, ఆరు కోడిగుడ్లు కొట్టి పోస్తే పది నిమిషాల్లో కూర తయారవుతుంది. అన్నానికి గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు, కొత్త బియ్యమయితే కాస్త తక్కువ. ఎండకాలానికి అంబలి ఉండనే ఉన్నది. రాత్రి జొన్నపిండిని నీళ్ళలో కలిపి పులియబెట్టి, తెల్లవారి మరిగే నీళ్ళలో పోసి ఉడికించి, చల్లారాక మజ్జిగ కలపడమే. గటక, పచ్చిపులుసు, పప్పు, కోడిగుడ్డు, అన్నం, అంబలి, ఈ ఆరూ వస్తే ఇల్లు గడుస్తుంది. భయం పోయిన చేతికి రొట్టె దానంతట అదే వస్తుంది. మొదట అరచేయంత రొట్టెలు చేయాలి. పెనం మీద వేశాక పై వైపు తడి చేత్తో తుడిచి, ఆ తడి ఆరుతుండగా తిప్పాలి. ఇట్లా పది రోజులు చేస్తే పెద్ద రొట్టె కూడా నిలుస్తుంది.

తలె విసిరే ఇళ్ళు

ఉప్పు ఎక్కువయిందని తలె విసిరికొట్టే మగవాళ్ళు ఇంకా ఉన్నారు. అది ఇంటి విషయమని పక్కవాళ్ళు ఊరుకుంటారు. దాని ఫలితం మాత్రం దవాఖానా దాకా పోతుంది. భయంతో వండే ఆడమనిషి అందరికీ పెట్టి చివరకు తింటుంది. మాడిన అడుగు, మిగిలిన మెతుకు ఆమె తలెలోకే వస్తాయి. వంట చెడిపోయిన రోజున అది కూడా ఉండదు. 2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉన్నది. అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి ఉన్నది. కొత్త కోడళ్ళు ఈ లెక్కలోని వాళ్ళే. రేపటి తల్లులూ వాళ్ళే.

ఈ సందర్భంలో జొన్న విలువ తెలుసుకోవడం ఎంతైనా అవసరం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో సుమారు 4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా లేదు. పీచు జొన్నల్లో 10 గ్రాములు, బియ్యంలో 3 గ్రాముల లోపు. జొన్న తిన్నంత మాత్రాన రక్తహీనత పోదు. పరీక్ష, మాత్రలు దవాఖానాలో తీసుకోవలసిందే. అయితే రోజూ తినే తిండిలో ఇనుము అసలే లేకపోతే మాత్రలు ఎంతకాలమని కాపాడతాయి? పప్పులో, కూరలో నిమ్మకాయ పిండుకుంటే తిండిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ తాగితే తగ్గుతుంది. ఇది పైసా ఖర్చు లేని జాగ్రత్త.

మగపిల్లలకు గరిటె ఇవ్వాలి

పత్తి ఏరే రోజుల్లో ఆడవాళ్ళు పొద్దున పోయి పొద్దుగూకే వేళకు వస్తారు. వంగి వంగి నడుము పడిపోయిన మనిషి మళ్ళీ పొయ్యి ముందు కూర్చోవలసి వస్తుంది. అదే ఇంట్లో ఇంటర్ చదివిన కొడుకు మంచం మీద ఫోను చూస్తూ "అమ్మా, ఆకలి" అంటాడు. ఓపిక లేని తల్లి కిరాణా కొట్టు నుంచి సేమ్యాల ప్యాకెట్లు తెప్పించి పిల్లల కడుపు నింపుతుంది. కొడుకుకు గటక కలపడం వస్తే ఆ ప్యాకెట్టుతో పని ఉండదు.

మగవాడు వండితే నలుగురూ నవ్వుతారన్న మాటలో పస లేదు. పెళ్ళిళ్ళలో గంగాళాల దగ్గర నిలబడి వండేది మగవాళ్ళే. హోటళ్ళలోనూ వాళ్ళే. మందికి వండితే రాని నామోషీ కన్నతల్లికి, కట్టుకున్న భార్యకు ఒక పూట వండిపెడితే ఎందుకు రావాలి?

ఈ ప్రాంతపు ఆచారంలోనే మంచి ఉదాహరణ ఉన్నది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు మొదలయ్యే నాగోబా జాతరలో మెస్రం వంశం వారు తమ కొత్త కోడళ్ళను దేవుని ముందుకు తీసుకువచ్చి పరిచయం చేస్తారు. భేటింగ్ అనే ఆ తంతు తర్వాత ఆమె వంశంలో మనిషి. అదే జాతరలో వంశం వారంతా 22 పొయ్యిల మీద వంతులవారీగా వండుకుంటారు. వేలమంది కూడే చోట పొయ్యిని వంతుల మీద పంచుకోగలిగినప్పుడు, ఆరుగురు ఉండే ఇంట్లో ఎందుకు పంచుకోలేరు? కోడలిని వంశంలో కలుపుకోవడం అంటే ఆమె చేతి తొలి వంటను గొణగకుండా తినడం కూడా.

ఒక్క గింజనే నమ్ముకుంటే

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేదల ఇళ్ళలో పొయ్యి వెలిగింది. 2025 ఏప్రిల్ నుంచి రేషను షాపుల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఆకలి తీర్చే పథకాన్ని కాదనేవారు ఎవరూ లేరు. కాని చేనంతా పత్తి, ఇల్లంతా బియ్యం అయితే జొన్న వండే చెయ్యి ఎక్కడ మిగులుతుంది? ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పట్నంలో ఉన్నవాళ్ళు జొన్నరొట్టెను ధర పెట్టి కొనుక్కుని తింటున్నారు. దాన్ని పుట్టించిన నేల మీద ఆడపిల్ల దాన్ని చూసి భయపడటం శోచనీయం.

పెద్దలు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. వారానికి రెండు రోజులు గటక వండాలి. అత్త పక్కన కూర్చుని కొలత చెప్పాలి, చెయ్యి మాత్రం కోడలిదే కావాలి. మొదటి నెల వంటకు వంక పెట్టరాదని ఇంటి యజమాని ముందే చెప్పాలి. కొడుకులకు వారంలో ఒక పూట వంట అప్పగించాలి. ఆడపిల్లయినా మగపిల్లవాడయినా ఎండకాలం సెలవులకు హాస్టలు నుంచి రాగానే మొదటి వారంలోనే గటక, పచ్చిపులుసు నేర్పాలి. పత్తి చేను గట్టున నాలుగు సాళ్ళు జొన్న వేసుకుంటే ఇంటి రవ్వకు కొంతయినా ఆసరా అవుతుంది. వండిన మనిషి అందరితో పాటు కూర్చుని తినాలి. ఈ చివరి మాట మరిచిపోతే పైన చెప్పినవన్నీ చేసినా లాభం లేదు.