హ్యాకర్ సంగతి తర్వాత, ముందు తాళం చెవి చూడండి

గల్ఫ్ రిఫైనరీల భద్రత మీద ఎవరు మాట్లాడినా ఈమధ్య ఒకటే కథ. ఎక్కడో కూర్చున్న హ్యాకర్, ఇక్కడ పేలబోయే ప్లాంటు, రెంటికీ నడుమ కంపెనీ కొనవలసిన ఖరీదైన సాఫ్ట్‌వేర్. ఈ కథ వినీ వినీ విసుగొస్తోంది. సేఫ్టీ కంట్రోలర్ సెట్టింగులు ఎక్కువగా పాడయ్యేది శత్రువు వల్ల కాదు, పని తొందరలో మార్చి, ఎక్కడా రాయకుండా, మళ్లీ సరిచేయకుండా వదిలేసే సొంత మనుషుల వల్ల. ఆ మనుషులను అలా తొందరపెట్టేది మేనేజ్‌మెంట్.

దీనికి ఒక లెక్క ఉంది. నియంత్రణ వ్యవస్థలు విఫలమై జరిగిన 34 ప్రమాదాలను బ్రిటన్ ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ ఒక్కొక్కటిగా విప్పి చూసి, ‘ఔట్ ఆఫ్ కంట్రోల్’ పేరుతో పుస్తకం వేసింది. 34లో 7 ప్రమాదాలకు అసలు కారణం ప్లాంటు నడక మొదలైన తర్వాత చేసిన మార్పులు. మరో 5 నడపడంలో, మెయింటెనెన్స్‌లో జరిగిన తప్పులు. మూడో వంతుకు పైగా ప్రమాదాలు, అన్నీ పరీక్షించి సంతకాలు పెట్టిన తర్వాత పుట్టినవే. 34లో 7. సైబర్ భద్రత సదస్సుల స్లైడుల్లో ఈ అంకె కనబడడం అరుదు, ఎందుకంటే దీన్ని చూపించి అమ్ముకోగల వస్తువేదీ లేదు.

మామూలు కంట్రోలర్‌లో సెట్టింగ్ తప్పితే సరుకు పాడవుతుంది, గంటలో తెలిసిపోతుంది. సేఫ్టీ కంట్రోలర్ తీరు వేరు. ప్రెషర్ లాంటిది హద్దు దాటితే ప్లాంటును సురక్షితంగా ఆపడమే దాని పని. ఆ హద్దును ఎవరైనా పెంచినా, రెండు సెకన్ల ఆలస్యాన్ని ఇరవై చేసినా, ప్లాంటును తనంతట తానే ఆపే ఇంటర్‌లాక్‌ను పక్కకు తప్పించి, అంటే బైపాస్‌లో వదిలేసినా ప్లాంటు ఎప్పటిలాగే నడుస్తుంది. పరీక్షించి చూడకపోతే తప్పు జరిగిందని తెలిసేది ప్రమాదం వచ్చిన రోజునే.

ట్రైటన్ దాడినే తీసుకుందాం. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ట్రైకానెక్స్ సేఫ్టీ కంట్రోలర్లలోకి దుండగులు చొరబడ్డారు. ఆ కంట్రోలర్ ముందు భాగంలో తాళం చెవితో తిప్పే స్విచ్ ఉంటుంది. ‘రన్’లో ఉంచితే ప్రోగ్రామ్ మార్చడం కుదరదు, ‘ప్రోగ్రామ్’లో ఉంచితే కుదురుతుంది. పని అయ్యాక రన్‌కు తిప్పి చెవి తీసి భద్రపరచాలి. ఆ ప్లాంటులో స్విచ్ ‘ప్రోగ్రామ్’లోనే ఉండిపోయింది. తలుపుకు తాళం బిగించి చెవి దానికే వేలాడదీసినట్టు. జూన్‌లో ఒకసారి ప్లాంటు ట్రిప్ అయి ఆగిపోయినా దాడి సంగతి బయటపడలేదు. ఆగస్టులో మళ్లీ ట్రిప్ అయ్యాకే గుట్టు రట్టయింది. దాడి చేసినవాళ్ల కోడ్‌లో లోపం ఉండబట్టి కంట్రోలర్ ప్లాంటును ఆపేసింది, లేకుంటే ఏమయ్యేదో. అమెరికా 2020లో ఒక రష్యా పరిశోధన సంస్థ మీద ఆంక్షలు విధించింది. బాగుంది. మరి స్విచ్‌ను అలా వదిలేసిన అలవాటు మీద ఎవరు ఆంక్షలు పెట్టారు?

హ్యాకర్ జాడే లేని చోట్లా ఇదే జబ్బు. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి 11 మంది చనిపోయారు. తప్పుడు అలారాలతో తెల్లవారుజామున నిద్ర చెడకూడదని జనరల్ అలారాన్ని మోగకుండా ఆపి ఉంచారని అక్కడి చీఫ్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్ విచారణలో చెప్పాడు. మన విశాఖ సంగతి మరిచిపోగలమా? 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. 2019 డిసెంబరులో ట్యాంకు పైపుల అమరిక మార్చడంతో లోపలి ద్రవం సరిగా కలవకుండా పోయిందని రాష్ట్ర ప్రభుత్వం వేసిన నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ తేల్చింది. 36 చోట్ల సైరన్ మోగించే ఏర్పాటుండి కూడా ఎవరూ మోగించలేదు. అక్కడ మారింది కంట్రోలర్ సెట్టింగ్ కాదు, పైపు. కానీ నడుస్తున్న ప్లాంటులో మార్పు చేసి, దాని ఫలితాన్ని పట్టించుకోకపోవడం అదే. మళ్లీ ఆ 34లో 7 కోవే.

34 చిన్న సంఖ్య అంటారు, పాత లెక్క అంటారు. ఒప్పుకుంటాను. సైబర్ దాడి ముప్పు ఉత్తిదని కూడా నేననను. అయితే స్విచ్ రన్‌లో ఉంటే ఇద్దరికీ అడ్డం పడుతుంది, దాడి చేసేవాడికీ, పొరపాటు చేసేవాడికీ. ఫైర్‌వాల్ మాత్రం లోపలివాడి పొరపాటును ఆపలేదు.

మరి విధానాలు ఏం చేస్తున్నాయి? సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో తనకు చెప్పాలని భారత్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఒక ఇంటర్‌లాక్ ఆరు వారాలుగా బైపాస్‌లో ఉంటే బయట ఎవరికి చెప్పాలి? అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61511 బైపాస్‌కు అనుమతి, మార్పుకు ముందస్తు సమీక్ష ఉండాలని స్పష్టంగా చెబుతుంది. అలమరలో ఆ ప్రమాణం ఉంటుంది, ప్యానెల్‌కు చెవీ ఉంటుంది.

కువైట్‌లో ఫర్వానియా, ఖైతాన్ గదుల నుంచి తెల్లవారకముందే బస్సెక్కి అహ్మదీ, మినా అబ్దుల్లా, అల్ జూర్ దారి పట్టే మన కడప, గోదావరి జిల్లాల వాళ్లకు ఇది దూరపు చర్చ కాదు. ప్లాంటును ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులకు కాంట్రాక్టర్ తీసుకెళ్లేది వాళ్లనే. ఇంటర్‌లాకులు ఎక్కువగా బైపాస్ అయ్యేదీ అప్పుడే. 2022 జనవరిలో మినా అల్ అహ్మదీలో మెయింటెనెన్స్ పని జరుగుతుండగా మంటలు లేచి ఇద్దరు భారతీయ కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. దానికి సెట్టింగులే కారణమని నేననడం లేదు. మెయింటెనెన్స్ రోజున మంటకు దగ్గరగా నిలబడేది ఎవరో చెబుతున్నాను.

చేయాల్సిన పని చిన్నది. చెవి షిఫ్ట్ ఇన్‌చార్జ్ దగ్గర, రిజిస్టర్‌లో సంతకంతో ఉండాలి. స్విచ్ రన్ నుంచి కదిలితే కంట్రోల్ రూంలో అలారం మోగాలి. ప్రతి బైపాస్‌కూ గడువు ఉండాలి. షట్‌డౌన్ ముగిశాక కంట్రోలర్‌లోని ప్రోగ్రామ్‌ను ఆమోదించిన కాపీతో పోల్చి, ట్రిప్‌లను పరీక్షించి, ఆ తర్వాతే ప్లాంటు ఎత్తాలి, అంటే మళ్లీ నడపాలి. మార్చింది ఒకరైతే సరిచూసేది మరొకరు కావాలి. ఇందులో కోట్లు పెట్టి కొనేదేమీ లేదు, ఒక పూట ఉత్పత్తి ఆగుతుందంతే. ఆ పూట ఇవ్వడానికి మనసొప్పకే ఇంత సైబర్ గోల.

ప్రమాదం జరిగాక టెక్నీషియన్ తప్పు అని రాసేస్తారు. “రాత్రికల్లా ప్లాంటు ఎత్తాలి, బైపాస్ సంగతి రేపు చూద్దాం” అన్న పెద్దమనిషి పేరు ఆ నివేదికలో ఉండదు. ఇకమీదట బైపాస్ అనుమతి మీద ఆయన సంతకమే ఉండాలి, గడువు దాటితే కేసూ ఆయన మీదే పడాలి. ఈ ఒక్క నిబంధన పెట్టే ధైర్యం లేని ప్రభుత్వాలు, కంపెనీలు హ్యాకర్ల పేరు చెప్పి మమ్మల్ని భయపెట్టడం ఇక మానుకోవాలి.