పెరటి కబుర్లు: తొలిమంచు పడేలోగా

ఆగస్టు నెలాఖరుకి బెంటన్‌విల్‌లో తెలుగువారి ఇల్లేదో వీధిలోంచే చెప్పేయవచ్చు. కంచె మీదకు పాకిన బీరతీగె, మూలన ఆరడుగుల గోంగూర, మెట్ల పక్కన ముద్దబంతి. ఏప్రిల్‌లో ఈ ఎర్రమట్టిలోంచి రాళ్ళు ఏరి ఏరి నడుము పట్టుకున్నవాళ్ళమే ఇప్పుడు చేటలు పట్టుకుని తిరుగుతున్నాం. వంకాయలు పంచి పంచి, పక్కింటివారు మనల్ని చూడగానే లోపలికి వెళ్ళిపోయే రోజులివి.

అయితే ఈ వైభవానికి ఒక గడువుంది. మన వైపు తొలిమంచు సాధారణంగా అక్టోబరు రెండవ సగంలో పడుతుంది. ఒక్క రాత్రి చాలు. తెల్లవారేసరికి బంతి, బీర, గోంగూర, వంగ అన్నీ ఉడకబెట్టినట్టు నల్లగా వాలిపోతాయి. చేమంతి ఒక్కటే కాస్త మొండిది. అందుచేత ఈ నెల కబుర్లన్నీ ఆ రాత్రికి ముందు చేసుకోవలసిన పనుల గురించే.

ముందు గోంగూర. "ఇంత ఏపుగా పెరిగింది, పువ్వు లేదు, కాయ లేదు, ఎరువు తక్కువైందా?" అని చాలామంది అడుగుతున్నారు. లోపం ఎరువులో లేదండీ, పగటిలో ఉంది. గోంగూర రాత్రులు పొడుగైతేనే పూస్తుంది. గుంటూరులో ఏడాదికల్లా పెద్ద పగలు పదమూడు గంటల చిల్లర. ఇక్కడ జూన్‌లో పధ్నాలుగున్నర గంటలు దాటుతుంది. సెప్టెంబరు చివరికిగాని ఈ మొక్కకు పూత కాలం వచ్చిందని తెలియదు. తెలిసి మొగ్గ వేసేసరికి మంచు తయారు! పోర్చి దీపం రాత్రంతా వెలిగేచోట వేస్తే ఇంకా ఆలస్యం చేస్తుంది. పూత లేకపోవడం మనకొక విధంగా మేలే, ఆకు దండిగా వస్తుంది. వారానికి రెండుసార్లు కొసలు తుంచుతూ ఉండండి. కడిగిన ఆకును పాత చీర మీద తడి ఆరేదాకా నీడన పరిచి, నూనెలో ముద్దయ్యేవరకు మగ్గించి, చల్లారాక ఐసు ట్రేలలో గడ్డ కట్టించి సంచిలో వేసుకోండి. ఉప్పూ కారమూ అప్పుడే వేయవద్దు. జనవరిలో వీధిలో మంచు పేరుకున్ననాడు పప్పులోకి రెండు బిళ్ళలు వేసి, ఇంగువ తిరగమోత పెట్టి చూడండి. నేను తెనాలి పిల్లను, ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు.

ఇక పువ్వులు. మా అత్తవారిది జగిత్యాల. బతుకమ్మ సంగతులు నాకు పెళ్ళయ్యాక తెలిసినవే. తంగేడు, గునుగు లేకుండా బతుకమ్మ ఏమిటని ఆవిడ అంటారు. గునుగు గురించి బెంగ అక్కరలేదు. ఇక్కడి నర్సరీలలో సెలోషియా అని అమ్మే కోడిజుట్టు పువ్వు మన చేలగట్ల మీది గునుగుకు సొంత జాతే, వేషం మార్చుకుందంతే. తంగేడు దొరకదు కానీ దానికి ఇక్కడొక దాయాది ఉంది. మేరీలాండ్ సెన్నా అని ఈ దేశపు మొక్కే. అదే పసుపు, ఇంచుమించు అవే ఆకులు. కాకపోతే జులై, ఆగస్టుల్లో పూసి ఊరుకుంటుంది. పండుగనాటికి పసుపు కావాలంటే గోల్డెన్‌రాడ్ ఉంది, రోడ్ల పక్కన కావలసినంత. ఆ పువ్వు తెస్తే తుమ్ములొస్తాయని భయపడేవారికి ఒక మాట. దాని పుప్పొడి బరువైనది, గాలికి లేవదు, తేనెటీగలు మోయవలసిందే. తుమ్మించేది అదే రోజుల్లో పూసే రాగ్‌వీడ్. నేరం ఒకరిది, నింద మరొకరికి. పార్కుల్లో పూలు మాత్రం కోయవద్దు. మన పెరట్లో నాలుగు దుబ్బులు వేసుకుంటే సరిపోతుంది.

చిక్కంతా తిథులతో. బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలవుతుంది. 2025లో అది సెప్టెంబరు 21. అప్పుడు మన పెరళ్ళు పూలతో విరగబడుతుంటాయి. అధికమాసం వచ్చిన ఏడు అలా కాదు. 2023లో అధిక శ్రావణం వల్ల ఎంగిలిపూలు అక్టోబరు 14కు, సద్దుల బతుకమ్మ 22కు జరిగాయి. 2026లో అధిక జ్యేష్ఠం, ఎంగిలిపూలు అక్టోబరు 10. అంటే మంచుకూ అమ్మవారికీ పందెమన్నమాట.

ఆ 2023లోనే మా అత్తయ్యగారు ఏప్రిల్‌లో వచ్చారు. గునుగు, బంతి, జినియా మళ్ళన్నీ ఆవిడ చేతులతో వేసినవే. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వాటి మధ్య కూర్చుని మా అమ్మాయికి పాటలు నేర్పేవారు. విజిటరు వీసాకు ఇచ్చేది ఆరు నెలలు. టిక్కెట్టు అక్టోబరు 10కి. మండువేసవిలో నీళ్ళు పోసి పెంచిన పూలతో బతుకమ్మను పేర్చకుండానే వెళ్ళిపోవాలి. "నాలుగు రోజులు ముందే పేర్చుకుంటే ఏమవుతుందత్తయ్యా?" అన్నాను. "అమాస రాకముందు బతుకమ్మను ఎట్ల పేరుస్తం బిడ్డా?" అన్నారు, అంతే. రెండు రోజులు ఆ మాట ఎవరమూ ఎత్తలేదు. మూడోనాడు ఆవిడే, "బొడ్డెమ్మ ఆడుదం, గది అమాసకు ముందే గద" అన్నారు. బహుళ పంచమినుంచి అమావాస్యదాకా పెళ్ళికాని పిల్లలు ఆడేది బొడ్డెమ్మ. పుట్టమన్ను ఇక్కడెక్కడిది? పెరటి ఎర్రమట్టిలోనే రాళ్ళు జల్లించి, పీట మీద మెట్లు మెట్లుగా కట్టి, ఉన్న పూలన్నీ గుచ్చారు. ఐదు సాయంత్రాలు వీధిలోని ఆడపిల్లలందరూ, తెలుగు రాని ఇద్దరు పక్కింటి పిల్లలతో సహా, చుట్టూ తిరిగారు. ఆవిడ వెళ్ళాక పద్నాలుగున మా అమ్మాయి పాటలు ఫోనులో అడిగి రాసుకుని తనే పేర్చింది. అవతల జగిత్యాలలో తెల్లవారుతుండగా ఆవిడ లేచి కూర్చుని చూశారు. గోపురం ఒక పక్కకు ఒరిగిందని రెండుసార్లు చెప్పారు.

పూలు తెగకుండా ఉండాలంటే జినియా, బంతి ఎండిన పువ్వు ఎప్పటికప్పుడు తుంచండి. సాయంత్రం మంచు కబురు తెలిస్తే మళ్ళపై పాత దుప్పట్లు కప్పి, ఎండ రాగానే తీయండి. గుమ్మడి పూలలో కాడ సన్నగా ఉండే మగపూలే కోయండి. ఐదారు చెట్టుకు వదిలి, మిగిలినవి శనగపిండిలో ముంచి వేయించితే పిల్లలు బజ్జీలని తెలియకుండానే తినేస్తారు. మంచు ముందురోజు దులిపిన పచ్చి టమాటాలు పచ్చడికి సరే సరి.

మామిడికాయ లేదని దిగులుపడేవారికి ఊరి సరుకొకటి చెబుతాను. మన బెంటన్ కౌంటీ ఒకప్పుడు ఆపిల్ తోటలకు పేరుమోసింది. ఆపిల్ పువ్వు 1901లోనే ఆర్కన్సా రాష్ట్ర పుష్పమైంది. ఆర్కన్సా బ్లాక్ అనే నల్లెరుపు రకం ఈ ఊరి పరిసరాల్లోనే పుట్టిందంటారు. అక్టోబరు చివర కోతకొస్తుంది. కోసిన కొత్తలో రాయిలా గట్టిగా, పుల్లగా ఉంటుంది. అంటే మనకు కావలసినట్టే! తురిమి, ఆవపిండి, కారం, ఉప్పు, మెంతిపొడి కలిపి, నూనె తిరగమోత పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వస్తుంది. ఆవకాయ అనను, పెరుగన్నంలోకి తక్కువేమీ కాదు.

చివరగా విత్తనాలు. విమానంలో చీరకొంగున ముడివేసి తెచ్చే రోజులు పోయాయి. ధ్రువపత్రం లేనివి కస్టమ్సువారు తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా. ఉన్నవాటినే కాపాడుకోవాలి. బీరకాయ ఒకటి తీగెపైనే ఎండనివ్వండి, ఊపితే గలగలమనాలి. గునుగు, బంతి తలలు పొడిగా ఉన్న మధ్యాహ్నం కోసి కాగితం సంచిలో వేయండి, ప్లాస్టిక్ వద్దు, బూజు పడుతుంది. గోంగూర ఒక మొక్క కుండీలో ఉంచి, చలి రాగానే ఎండ తగిలే కిటికీ దగ్గరకు చేర్చితే కాయలు ముదురుతాయి. మా ఇంట గునుగు గింజలు అత్తయ్యగారి మడివే, ఏటా దండిగా వస్తున్నాయి. కావలసినవారు వచ్చే సమావేశానికి ఒక కవరు తెచ్చుకోండి. ఎవరి దగ్గరైనా నల్లచిక్కుడు గింజలుంటే నాకూ నాలుగు తెచ్చిపెట్టండి.