బెరుకు కుక్కకూ ఇల్లు దొరకాలి

సంపాదకునికి,

వీధి నుంచి రక్షించిన కుక్క మనుషులను చూసి మూలకు నక్కితే అది పెంపకానికి పనికిరాదన్న గత సంచిక వ్యాసకర్త అభిప్రాయం సమంజసం కాదు. కుక్కపిల్ల మనుషులకూ శబ్దాలకూ అలవాటుపడే దశ, అంటే సాంఘికీకరణ కాలం, సుమారు 3 నుంచి 14 వారాల వయసు మధ్య గడిచిపోతుంది కనుక, అప్పుడు మనిషి చేరువ ఎరుగని జంతువు పెద్దయ్యాక బెదరడం సహజమే గాని, ఒకసారి నమ్మిన వారిని విడవకుండా అంటిపెట్టుకోవడమూ తరచు కనబడేదే. అటువంటి కుక్కను సందడి తక్కువైన ఇంటికి, అది తనంతట దగ్గరకు వచ్చేదాకా ఆగగల కుటుంబానికి, దాని భయాలను దాచకుండా చెప్పి అప్పగించాలి. దత్తత తీసుకున్న వీధికుక్క తిరిగి వీధికి చేరకుండా చూడడం దరఖాస్తుదారుల బాధ్యతేనని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు పేర్కొన్నందున, తీసుకునేవారు ముందుగా తమ ఓపికను బేరీజు వేసుకోవడం మేలు.

— ఒక పాఠకురాలు, విజయవాడ