పాము విషమూ, క్రిముల పట్టూ

బాలలూ! కొల్లేటి పక్క ఊళ్లలో నాట్ల రోజులలో చేలో దిగినవారి కాళ్లకు జలగలు పడతాయని మీరు వినే ఉంటారు. జలగకు పట్టు దొరికితేనే రక్తం. లేకపోతే నీటిలో కొట్టుకుపోవలసిందే. కంటికి కనిపించని రోగక్రిముల సంగతీ ఇంతే. కన్నీరు, లాలాజలం, మూత్రం వాటిని ఎప్పటికప్పుడు కడిగివేస్తూనే ఉంటాయి. అందుచేత చాలా క్రిములు ముందు మన జీవకణాలకు అతుక్కుంటాయి. రోగం ఆ తరువాతనే మొదలవుతుంది.

అవి ఎలా అతుక్కుంటాయి? ఒడ్డున తాటిదోనెను తాడుతో గుంజకు కడతారు కదా! మన జీవకణాల పైన కూడా అలాటి గుంజలున్నవి. వాటిని ఇంటెగ్రిన్లు అంటారు. ఫైబ్రొనెక్టిన్ అనే మాంసకృత్తు తాడులాగా ఈ గుంజలను పట్టుకుని, కణాలు చెదరకుండా నిలిపి ఉంచుతుంది. సెగ్గడ్డలు లేపే స్టెఫిలోకాకస్ క్రిమి చాలా గడుసుది. అది ఆ తాడును పట్టుకుని గుంజ దాకా పోయి, కణంలోకే దూరిపోగలదు. గుంజను ముందుగానే కప్పివేస్తే అది దూరడం తగ్గిపోతుందని 1999లో శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపారు.

పాము విషం ప్రసక్తి ఇక్కడే వస్తుంది. విషమంటే ఒకే పదార్థం కాదు, అనేక మాంసకృత్తుల కలగలుపు. పొలుసులు రాచి చప్పుడు చేసే ఇసుక పింజర విషంలో ఎకిస్టాటిన్ అనే చిన్న మాంసకృత్తు ఉన్నది. అందులో అమైనో ఆమ్లాలు 49 మాత్రమే. అయితేనేం, గుంజను పట్టడానికి ఫైబ్రొనెక్టిన్ తాడుకు ఎలాటి ముడి ఉన్నదో, దీనికీ అలాటి ముడే ఉన్నది! ఇది ముందు వెళ్లి గుంజను ఆక్రమిస్తే తాడుకు చోటుండదు; తాడును పట్టుకుని వచ్చే క్రిమికీ చోటుండదు.

నెత్తురును గడ్డకట్టించే కణాలకు కూడా ఇలాటి గుంజలే ఉన్నవి. ఈ కిటుకును చూసే శాస్త్రజ్ఞులు టైరోఫిబాన్ అనే గుండెజబ్బు మందును తయారుచేశారు. 1998లో అమెరికాలో దానికి అనుమతి లభించింది.

చాలా పింజరల విషం పసుపుపచ్చగా ఉంటుంది. ఆ రంగునిచ్చే మాంసకృత్తు హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించి, ప్రయోగశాలలో క్రిములను చంపుతుంది.

క్రిములను చంపే మందులుండగా ఇంత శ్రమ ఎందుకంటారా? కొల్లేటికి దగ్గరలోని భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకుడుగా ఉన్నప్పుడు, అక్కడ డగ్గర్ అనే శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ అనే మందును కనుగొన్నాడు. 1948లో అది లోకానికి వెల్లడి అయింది. అలాటి మందులు ఎన్నో ప్రాణాలను కాపాడినవి. కాని వాటికి చావని క్రిములు మిగిలి, వాటి సంతానమే వృద్ధి అవుతున్నది. కనుక క్రిమిని చంపకుండా దాని పట్టు మాత్రం తప్పించే మార్గాలను కూడా శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు.

“అయితే పాము కరిచినచోట చీము పట్టదన్నమాట!” అనుకునేరు. అది పెద్ద పొరపాటు. నాగుపాము విషానికి కరిచినచోట కండ చచ్చిపోవచ్చు. చచ్చిన కండలో క్రిములు హాయిగా కాపురం పెడతాయి. విషం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, కొలిచి వాడడం వేరు. విషమంతా ఒంట్లోకి పోవడం వేరు.

ఎలకల కోసం పాములు వరిచేలలోకి వస్తాయి. ఎవరినైనా పాము కరిస్తే కట్లు బిగించకండి, గాయం కోయకండి, నోటితో పీల్చకండి, పసర్లు పోయకండి. ఉంగరాలు, కడియాలు తీసివేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఏలూరో, తాడేపల్లిగూడెమో, ఏది దగ్గరైతే అక్కడి ప్రభుత్వాసుపత్రికి వెంటనే చేర్చమని పెద్దలకు చెప్పండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి నెత్తురునుంచి తీసిన విరుగుడు మందు ఉన్నది. అది ఎంత త్వరగా ఒంట్లోకి వెళితే అంత మంచిది.