పాఠశాలలో రోబోటు: వేడుకయా, విద్యయా?

పిల్లలు రోబోటులకు ఆజ్ఞలు వ్రాయుచు కోడింగు నేర్చుకొనవలెనను మాట యిప్పుడు తఱచుగా వినవచ్చుచున్నది. అనంతపురము పీఠభూమిపై, మా చిలమత్తూరువంటి కఱవు సీమలో, ఈ విద్య యవసరమా, లేక పట్టణపు బడుల వేడుకకు అనుకరణమా యని కొందఱు తల్లిదండ్రులు ప్రశ్నించుచున్నారు. ప్రశ్న న్యాయమైనది. వాన కెదురుచూచి వేరుసెనగ విత్తువారు, బోరు ఎండి అప్పులపాలైనవారు, బడికి పెట్టు ప్రతి రూపాయికిని లెక్క యడుగుటలో తప్పు లేదు. కావున ఈ విషయమై మా యభిప్రాయమును విన్నవించుచున్నాము.

మొదట ఈ విద్య యెట్టిదో చూతము. రోబోటు అను మాట 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకమువలన లోకమున ప్రచారమైనది. దానికి మూలమైన చెక్ పదమునకు వెట్టిచాకిరి యని యర్థము. యంత్రముచేత పని చేయించుచు పిల్లలు ఆలోచన నేర్వగలరని చాటినవారిలో సీమౌర్ పేపర్ట్ ముఖ్యుడు. ఆయనయు సహచరులును 1967లో లోగో అను భాషను కల్పించిరి. పిమ్మట నేలపై ప్రాకు తాబేలువంటి చిన్న యంత్రమును ఆ భాషతో నడిపిరి. 'కొంత దూరము ముందుకు పో, 90 డిగ్రీలు కుడికి తిరుగు' అని నాలుగుమాఱులు వ్రాసినచో తాబేలు చతురస్రమును గీయును. సమబాహు త్రిభుజమున కోణము 60 డిగ్రీలు గదా యని బాలుడు 60 తిరుగుమని వ్రాసినచో త్రిభుజము రాదు. అట్లే సాగినచో షడ్భుజి వచ్చును. తిరుగవలసినది వెలుపలి కోణము, అనగా 120 డిగ్రీలని అప్పుడు వానికే తోచును. ఉపాధ్యాయుడు కోపించ నక్కఱలేదు, బాలుడు సిగ్గుపడ నక్కఱలేదు. తప్పును తానే కనుగొని, తానే దిద్దుకొనుట ఈ విద్యకు ప్రాణము.

మన దేశమున నీతి ఆయోగ్‌వారి అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016లో ఆరంభమైనది. దాని క్రింద అటల్ టింకరింగ్ ల్యాబు పొందిన బడికి 20 లక్షల రూపాయలవరకు సహాయము లభించును; ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతివఱకుగల పిల్లలు అచట పనిచేయుదురు. 2020 నాటి జాతీయ విద్యావిధానము కోడింగును మాధ్యమిక తరగతులనుండి నేర్పుమన్నది. ప్రభుత్వ పాఠశాలలలో అయిదేండ్లలో 50,000 ల్యాబులు నెలకొల్పుదుమని 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిరి.

ధనము వచ్చినంత మాత్రమున విద్య రాదు. సామాను బీరువాలో తాళమువేసి, అధికారి వచ్చిననాడు మాత్రము వెలికితీయుట విద్య కాదు. చురుకైన ఇద్దఱు బాలురు మీటలు నొక్కుచుండ తక్కినవారు, అందును బాలికలు, వెనుక నిలిచి చూచుట విద్య కాదు. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును ఎక్కించి బండిని నడిపి చప్పట్లు కొట్టించుకొనుటయు విద్య కాదు. ఇట్టిది వేడుక, దీనిని మేమును ఖండించుచున్నాము.

మఱి మన ఊరికి తగిన విద్య యేది? పొలములోని ఆటో స్టార్టరును చూడుడు. 'కరెంటు వచ్చినచో మోటారును నడుపుము' అన్న ఆజ్ఞ యొక్కటే దానికి తెలియును. 'మడి తడిసినచో ఆపుము' అన్న రెండవ ఆజ్ఞ దానికి లేదు. రైతు నిద్రించుచుండ నీరు వృథాగా పాఱును. మోటారులన్నియు ఒక్కసారి లేచుటచే ట్రాన్స్‌ఫార్మరుపై భారము పడును. ఆ రెండవ ఆజ్ఞను వ్రాయుటయే మన పిల్లలకు తగిన పాఠము. ఒక పూలకుండలో మట్టి, తేమను కొలుచు సెన్సారు, చిన్న పంపు, ఆర్డుయినో వంటి పలక చాలును. 2005లో ఇటలీలో విద్యార్థులకొఱకు పుట్టిన ఆ పలక నమూనాలు నేడు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నవి. సెన్సారు పుల్లలు కొన్నాళ్లకు త్రుప్పుపట్టి తప్పులెక్క చెప్పును. యంత్రము చెప్పినదెల్ల నమ్మరాదను వివేకము పిల్లల కపుడు కలుగును. బోరు ఎంత లోతుననున్నను నీటిని సృష్టించు ఆజ్ఞ మాత్రము లేదనియు వారెఱుగుదురు.

రోబోటులు కూలివాని నోటి ముద్ద తీయునని కొందఱి భయము. ఆ భయము నిరాధారము కాదు. మన కుత్తరమున పెనుకొండ దాపున కియా కార్ల కర్మాగారము 2019లో ఆరంభమైనది. అచట రోబోటు చేతులు కార్ల యినుప రేకులను అతుకుచున్నవి. మనము నేర్వకున్నను అవి పని మానవు. వానికి ఆజ్ఞ వ్రాయువారును, అవి చెడినపుడు కారణము కనుగొనువారును మన బిడ్డలగుదురా, లేక వాకిట పని కడుగువారు మాత్రమే యగుదురా? మన ముందున్న ప్రశ్న యిది.

ఇందుకు మేము కోరునవి స్వల్పము. గ్రంథాలయమును, రసాయన ప్రయోగశాలను ఎండగట్టి రోబోటులు కొనరాదు. ఒక్కొక్క యంత్రమునకు ఇద్దఱు ముగ్గురికి మించరాదు, ప్రతివారును వంతులవారీగా ఆజ్ఞలు వ్రాయవలెను. ఆలోచనను ముందు తెలుగులో కాగితముపై వ్రాసికొని, తరువాతనే యంత్రభాషలోనికి మార్చవలెను. ఉపాధ్యాయులకు శిక్షణయు, తీరికయు ఈయవలెను.

విద్యార్థులారా! యంత్రము మీరు తలంచినదానిని చేయదు, వ్రాసినదానినే చేయును. తలంపును స్పష్టముగా వ్రాయ నేర్చినవాడు కారు చేసినను, కయ్య దున్నినను రాణించును. తల్లిదండ్రులారా! బిడ్డ ఇంటికి వచ్చి స్టార్టరు పెట్టె తెఱచి చూడగోరినచో కోపింపకుడు. ముందు కరెంటు తీసివేసి, దగ్గఱ నిలిచి, చూపుడు.