ఎనిమిదేళ్ల మాట

"ఆర్మీ రిజర్వ్‌లో చేరదామనుకుంటున్నా నాన్నా. చదువు ఆగదు. నెలకో శని, ఆదివారాలు, ఏడాదికో రెండు వారాలు. కాలేజీ ఫీజు వాళ్లే కడతారు."

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లల్లో ఈ మాట వినిపించినప్పుడు జరిగేది సాధారణంగా రెండిట్లో ఒకటి. ఒక ఇంట్లో అమ్మ కళ్లు తుడుచుకుంటుంది, నాన్న "ఇందుకేనా ఇంత దూరం వచ్చింది" అని లేచిపోతాడు. ఇంకో ఇంట్లో ఎంత ఫీజు మిగులుతుందో లెక్క తేలగానే అందరూ తలూపుతారు. మొదటి ఇంట్లో మాట తెగిపోయింది. రెండో ఇంట్లో మాట మొదలే కాలేదు. పద్దెనిమిదేళ్ల మనిషి జీవితంలో ఇంతకంటే పెద్ద సంతకం అప్పటికి ఇంకోటి ఉండదు. దాన్ని భయంతోనో బేరంతోనో తేల్చేయడం అన్యాయం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఫీజు కోసం ఆ సంతకం పెట్టొద్దు. ఫీజులో ఒక్క డాలరు రాకపోయినా చేరతానని నిలబడే బిడ్డను మాత్రం ఆపొద్దు.

ముందు "నెలకో వారాంతం" సంగతి చూద్దాం. అది అబద్ధం కాదు. కానీ ఆ దశ మొదలయ్యేది శిక్షణ పూర్తయ్యాకే. ఆర్మీలో ప్రాథమిక శిక్షణే 10 వారాలు. ఆ తరువాత ఎంచుకున్న పనిని బట్టి కొన్ని వారాల నుంచి ఏడాది దాకా మరో శిక్షణ ఉంటుంది. అంటే వేసవి సెలవులు మొదటి శిక్షణకే సరిపోతాయి, రెండోదానికి చాలవు. చాలామంది ఒక సెమిస్టరో, ఒక ఏడాదో వదులుకుంటారు. రెండు శిక్షణలనూ రెండు వేసవులకు పంచుకునే వీలు కొందరికి ఉంటుంది. కానీ ఆ రెండు వేసవుల్లో ఇంటర్న్‌షిప్ ఉండదు. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు ఉద్యోగానికి వాకిలి ఆ ఇంటర్న్‌షిప్పేనని మన ఇళ్లల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఇక గడువు. అమెరికా నిబంధనల ప్రకారం మొదటిసారి సైన్యంలో చేరే ఎవరికైనా బాధ్యత మొత్తం 8 ఏళ్లు. రిజర్వ్ ఒప్పందాల్లో మామూలుగా కనిపించే ఏర్పాటు 6 ఏళ్లు యూనిట్‌తో నెలవారీ శిక్షణ (డ్రిల్), మిగిలిన 2 ఏళ్లు పేరు మాత్రం జాబితాలో ఉండడం. ఆ చివరి రెండేళ్లలో డ్రిల్ ఉండదు గానీ అవసరమైతే పిలవవచ్చు. పద్దెనిమిదేళ్లప్పుడు సంతకం చేస్తే ఆ మాట ఇరవై ఆరేళ్ల దాకా నడుస్తుంది. డిగ్రీ, మాస్టర్స్, మొదటి ఉద్యోగం, కొందరికి పెళ్లి కూడా ఆ లోపే. "కాలేజీలో ఉన్నన్నాళ్లే కదా" అని ఎవరైనా అంటే వాళ్లు ఒప్పందం చదవలేదన్నమాట.

డబ్బు మాటా చూడాలి. నిజంగా వచ్చేది తక్కువేమీ కాదు. ఇల్లినాయ్, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలు తమ నేషనల్ గార్డ్ (రిజర్వ్ లాంటిదే, కానీ రాష్ట్రాల కింద ఉండే సేన) సైనికులకు ప్రభుత్వ కళాశాలల్లో ట్యూషన్ భారం తీసేస్తాయి. ఆర్మీ ట్యూషన్ సాయం క్రెడిట్‌కు 250 డాలర్ల దాకా ఉంటుంది, దానికి ఏడాది పరిమితి ఉంది. ఆరేళ్ల ఒప్పందం చేసిన రిజర్వ్ సైనికుడికి ఫుల్‌టైమ్ చదువులో ఉండగా, సైనికుల చదువుకు సాయమిచ్చే జీఐ బిల్లు కింద నెలకు 400 డాలర్ల పైచిలుకు వస్తుంది. కొత్తగా చేరినవారికి ఒక డ్రిల్ వారాంతానికి జీతం 300 నుంచి 400 డాలర్లు. నెలకు 50 డాలర్ల పైచిలుకుకే ఆరోగ్య బీమా. అయితే 26 ఏళ్ల దాకా తల్లిదండ్రుల బీమాలోనే ఉండే వీలున్న పిల్లలకు దానివల్ల ఒరిగేది కొంచెమే.

ఇప్పుడు "ఫీజు వాళ్లే కడతారు" అన్న మాటను విప్పి చూడండి. ఏ విభాగం? ఏ రాష్ట్రం? ఏ కాలేజీ? రాష్ట్రం ఇచ్చే మినహాయింపు ఆ రాష్ట్రపు గార్డ్‌కు, మామూలుగా అక్కడి ప్రభుత్వ కళాశాలలకు. ఆర్మీ రిజర్వ్ కేంద్ర ప్రభుత్వానిది, దానికి అది వర్తిస్తుందన్న హామీ లేదు. ఖరీదైన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిన పిల్లకు క్రెడిట్‌కు 250 డాలర్లు ఏ మూలకూ చాలవు. అందరూ గొప్పగా చెప్పుకునే పోస్ట్ 9/11 జీఐ బిల్లు పూర్తిగా దక్కాలంటే సుమారు మూడేళ్ల పూర్తికాల సైనిక సేవ ఉండాలి. నెలవారీ డ్రిల్ అందులో లెక్కకు రాదు.

అసలు బరువు పిలుపు దగ్గర ఉంది. జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే రిజర్వ్ సైనికులను వరుసగా 24 నెలల దాకా విధుల్లోకి తీసుకునే అధికారం చట్టం ఇస్తుంది. ఇది కాగితం మీది మాటే అనుకోవద్దు. 2005లో ఇరాక్‌లో ఉన్న అమెరికన్ సేనలో దాదాపు 40 శాతం గార్డ్, రిజర్వ్ సైనికులే. 2024 జనవరి 28న జోర్డాన్‌లోని ఒక సైనిక స్థావరం మీద డ్రోన్ పడి ముగ్గురు చనిపోయారు. ముగ్గురూ జార్జియా రాష్ట్రానికి చెందిన ఆర్మీ రిజర్వ్ సైనికులు. వారిలో ఇద్దరు యువతుల వయసు 23, 24. వాళ్లూ నెలకో వారాంతం డ్రిల్‌కు వెళ్లినవాళ్లే.

చదువు మధ్యలో పిలుపు వస్తే కాలేజీ సీటు పోతుందన్న భయం అక్కర్లేదు. 2008లో వచ్చిన చట్టం ప్రకారం, కేంద్ర విద్యా సాయం పొందే కాలేజీలు సైనిక విధులకు వెళ్లిన విద్యార్థిని తిరిగి అదే స్థాయిలో చేర్చుకోవాలి. మొత్తం గైర్హాజరు ఐదేళ్ల లోపు ఉండాలి, కొన్ని షరతులున్నాయి. ఉద్యోగంలో ఉన్నవారికి 1994 నాటి చట్టం రక్షణ ఇస్తుంది. కానీ చట్టం సీటును తిరిగి ఇస్తుంది గానీ కలిసి చదివిన బ్యాచ్‌ను, మర్చిపోయిన లెక్కలను తిరిగి ఇవ్వలేదు. మూడో సంవత్సరంలో వెళ్లి, తిరిగొచ్చాక తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చోవడానికి మనసు సిద్ధంగా ఉండాలి.

మనస్సాక్షి మాటా ఇక్కడే అడగాలి. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచెత్తినప్పుడు టెక్సాస్ గవర్నర్ తమ గార్డ్ మొత్తాన్ని, సుమారు 12,000 మందిని రంగంలోకి దించారు. పడవల్లో మనుషులను బయటికి తెచ్చిన ఆ పని చేయాలని ఏ యువతీ యువకులకు అనిపించదు? కానీ 2025 జూన్‌లో కాలిఫోర్నియా గవర్నర్ వద్దంటున్నా అధ్యక్షుడు అదే రాష్ట్రపు గార్డ్‌ను లాస్ ఏంజెలెస్ వీధుల్లోకి పంపారు. వివాదం కోర్టుకెక్కింది. యూనిఫాం వేసుకున్న విద్యార్థికి కోర్టు తీర్పు వచ్చేదాకా ఆగే వీలు లేదు. చట్టబద్ధమైన ఆదేశం నచ్చినా నచ్చకపోయినా పాటించాల్సిందే. వరద రోజునే కాదు, అలాంటి ఆదేశం వచ్చే రోజునూ ఊహించుకుని నిర్ణయించుకోవాలి.

మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. రిక్రూటర్‌కు అవి తెలిసే అవకాశం తక్కువ. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారు, పనిచేసి రిటైరైనవారు, వీసా లేకుండా ఇండియా వెళ్లివచ్చే వీలిచ్చే ఓసీఐ కార్డుకు అర్హులు కారన్నది భారత ప్రభుత్వ నిబంధన. ప్రతి సంక్రాంతికో, వేసవికో అమ్మమ్మ ఊరు వెళ్లి వచ్చే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. కార్డు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు తమ పరిస్థితి ఏమిటో సంతకానికి ముందే భారత కాన్సులేట్‌ను రాతపూర్వకంగా అడగాలి. కొన్ని సైనిక ఉద్యోగాలకు భద్రతా అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో విదేశాల్లోని దగ్గరి బంధువుల వివరాలన్నీ దాపరికం లేకుండా రాయాలి. బంధువులు ఇండియాలో ఉన్నంత మాత్రాన తలుపు మూసుకుపోదు, దాస్తే మాత్రం మూసుకుపోతుంది.

చేరడానికి పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. గ్రీన్ కార్డుతో చేరి గౌరవంగా సేవ చేసినవారికి ఐదేళ్లు ఆగకుండా పౌరసత్వానికి దరఖాస్తు చేసే వీలు ప్రస్తుతం ఉంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లనూ ప్రత్యేక భాషా నైపుణ్యాల పేరిట తీసుకున్న మావ్నీ పథకం 2016లో ఆగిపోయింది. అప్పటికే సంతకాలు చేసిన ఎందరో తనిఖీలు పూర్తికాక, వీసా గడువులు తీరిపోతూ ఏళ్ల తరబడి వేలాడారు, కోర్టుల చుట్టూ తిరిగారు. ప్రభుత్వ విధానం మారితే విద్యార్థి బతుకు ఎలా తలకిందులవుతుందో చెప్పడానికి ఆ అనుభవం చాలు. మూడేళ్ల వయసులో అమెరికా వచ్చి, అక్కడే పెరిగి, ఇంకా హెచ్4 డిపెండెంట్ వీసా మీదే ఉన్న మన పిల్లలకు చేరాలన్న కోరిక ఎంత బలంగా ఉన్నా దారి లేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఆశ ఉండి తేల్చుకోలేని విద్యార్థికి ఒక మధ్యే దారి ఉంది. కాలేజీలోనే నడిచే అధికారుల శిక్షణ, ఆర్మీ ఆర్‌ఓటీసీలో స్కాలర్‌షిప్ తీసుకోకుండా చేరితే మొదటి రెండేళ్ల తరగతులకు సైనిక బాధ్యత ఏదీ ఉండదు. పొద్దున్నే లేచి పరుగెత్తడం, ఆదేశం తీసుకోవడం, ఇవ్వడం తన ఒంటికి పడతాయో లేదో ఆ రెండేళ్లలో తెలిసిపోతుంది. నచ్చితే మూడో ఏట ఒప్పందం చేసుకుని, చదువు ముగిశాక అధికారిగా గార్డ్‌లోనో రిజర్వ్‌లోనో పనిచేసే దారి ఉంది. మన ఇళ్లల్లో ఈ దారి గురించి మాట్లాడుకునేవాళ్లు తక్కువ. మాట్లాడుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. "మిలిటరీ మన ఇళ్లల్లో లేదు" అనొద్దు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే పిలవడం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఆ ఊరు తన బిడ్డలను సైన్యానికి పంపుతూనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లల్లోనూ సైన్యం కొత్త మాట కాదు. ఇంకోటి. పదిహేడేళ్ల బిడ్డ చేరాలంటే మీ సంతకం కావాలి. పద్దెనిమిది నిండితే అక్కర్లేదు. "నోరెత్తకు" అన్న రోజున మీరు ఆపింది చేరడాన్ని కాదు, మీతో చెప్పడాన్ని. ఒప్పందం చేతిలో పట్టుకుని పక్కన కూర్చునే హక్కును మీరే వదులుకున్నట్టు.

పిల్లలకూ ఒక మాట. నోటితో ఇచ్చిన హామీకి విలువ లేదు. రాతలో లేని వాగ్దానం చెల్లదని ఆ చేరిక ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఏ పని, ఎంత బోనస్, శిక్షణ ఎప్పుడు, అన్నీ కాగితం మీద ఉండాలి. చట్టాలూ జీతభత్యాలూ మీకు చెప్పకుండానే మారవచ్చని కూడా అందులోనే ఉంటుంది, అదీ చదవండి. రిక్రూటర్‌తో పాటు ఆ యూనిట్‌లో ఇప్పుడు పనిచేస్తూ చదువుకుంటున్న ఒకరితో మాట్లాడండి. ఆ యూనిట్ చివరిసారి ఎప్పుడు, ఎక్కడికి వెళ్లిందో అడగండి. ఫైనల్స్ వారంలో డ్రిల్ పడితే ప్రొఫెసర్లు ఏం చేస్తారో మీ కాలేజీలోని వెటరన్స్ ఆఫీసులో తెలుసుకోండి.

ఇవన్నీ విన్నాక కూడా చేరాలనిపిస్తే, ఫీజు లెక్కను ఒక సెమిస్టర్ పాటు పూర్తిగా పక్కన పెట్టి చూడండి. స్కాలర్‌షిప్పులు, కమ్యూనిటీ కాలేజీలో మొదటి రెండేళ్లు, క్యాంపస్‌లో పని, ఇలా ఫీజుకు వేరే దారులున్నాయి, అవి ఎవరినీ ఎనిమిదేళ్లు కట్టేయవు. ఆ దారులు దొరికాక కోరిక తగ్గితే, అది ఫీజు గురించిన కోరికే. తగ్గకపోతే అమ్మానాన్నలను పిలిచి, కాగితం ముందు పెట్టి, మళ్లీ చెప్పండి. ముప్పై దాటినవారిని కూడా ఆర్మీ రిజర్వ్ తీసుకుంటుంది. తొందర రిక్రూటర్‌కు ఉండవచ్చు, మీకు లేదు. ఆరు నెలలు ఆలోచించి ఇచ్చిన మాటకు ఎనిమిదేళ్లు నిలబడే బిడ్డను చూసి ఏ తల్లిదండ్రులైనా గర్వపడవచ్చు. ఆ బిడ్డ యూనిట్ బస్సెక్కే రోజున వెంట ఉండి పంపించడం వాళ్ల ధర్మం.