కొంగ ఎఱ్ఱబడదేమి?

రొయ్యలును నాచును తినుటచే రాజహంసకు గులాబివన్నె కలుగునని మేము తరగతిలో చెప్పుచుండగా, ఒక బాలుడు లేచి, "మరి మన చెఱువుగట్టు కొంగ కూడా రొయ్యలే కదండీ తినేది! అది ఎఱ్ఱబడదేమండీ మాస్టారూ?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వెను. మాకు మాత్రము సమాధానము తోచలేదు. పొరుగు రాష్ట్రమున మేము పొందిన శిక్షణ తెలుగు చెప్పుటకు గాని కొంగలను గూర్చి చెప్పుటకు కాదు గదా! తరువాత చదివి తెలిసికొన్నదానిని, దానితోపాటు మా అభిప్రాయమును ఇచట వ్రాయుచున్నాము.

ముందు వంటయింటిలోనికి పోవుదము. పచ్చి రొయ్య బూడిదవన్నెలో నుండును. కాగు కూరలో పడినంతనే ఎఱ్ఱబడును. ఆ ఎరుపు అప్పుడు పుట్టినది కాదు. ఆస్టాజాంతిన్ అను వర్ణద్రవ్యము రొయ్యలో మొదటినుండియు ఒక మాంసకృత్తుతో పెనవేసికొని దాగియుండును; వేడికి ఆ ముడి వీడి రంగు బయటపడును. దీనికి మూలము నీటిలోని నాచు. క్యారెట్టు దుంపకు, మొక్కజొన్నకు, బంతిపూవునకు రంగునిచ్చు కెరోటినాయిడ్ల కుటుంబములోనిదే యిది. ఆకులలములు మెక్కి తిరుగు నాటుకోడి గ్రుడ్డులో సొన ముదురుపసుపుగా నుండుటయు ఈ కుటుంబపు చలవయే.

మన తీరము వెంబడి దక్షిణముగా పోయినచో, నెల్లూరు దాటిన పిమ్మట పులికాటు సరస్సు వచ్చును. చలికాలమున రాజహంసలు అచ్చట వేలకొలదిగా దిగును. తల క్రిందు చేసి, ముక్కును నీట ముంచి, బురదనీటిని వడగట్టి నాచును, చిన్న రొయ్యలను, పురుగులను గ్రహించును. రాజహంస పిల్లగా నున్నపుడు బూడిదరంగులో నుండి, కొన్నియేండ్ల తిండితో గాని గులాబివన్నె దాల్చదు. పూర్వము జంతుప్రదర్శనశాలలలో వేరు మేత పెట్టగా ఈ పక్షులు రంగు వెలిసి పాలిపోయినవి. మేతలో కెరోటినాయిడ్లను చేర్చిన పిమ్మట మొలచిన ఈకలకు మరల రంగు వచ్చినది.

ఇక కొంగ మాట. అది తిను రొయ్యలోను అదే రంగున్నది. దానిని ఈకలోనికి చేర్చు ఏర్పాటు మాత్రము కొంగకు లేదు. కాకి నలుపునకు కారణమైన మెలనిన్ అను ద్రవ్యమును కాకి శరీరమే తయారుచేసికొనును. పితృదినములలో మనము పెట్టు అన్నము ఎంత తిన్నను అది తెల్లబడదు. పాలపిట్ట నీలము ఇంకను చిత్రము. దాని ఈకలో నీలిద్రవ్యమే లేదు! ఈకలోని అతిసూక్ష్మమైన కట్టడము వెలుగును చెదరగొట్టి నీలముగా చూపును. చిలుక పచ్చదనములోని పసుపు పాలును చిలుకయే చేసికొనును గాని అది జామపండ్ల పుణ్యము కాదు. కావున, తిండియే రంగునిచ్చునని మేము చెప్పిన మాట కొన్ని పక్షులకే చెల్లును. ఆ బాలుడు అడుగుట మంచిదైనది.

అయితే రంగు ఎచ్చటిదైనను ఈక మాత్రము తిండినుండియే రావలెను. ఈక ఇంచుమించు అంతయు కెరటిన్ అను మాంసకృత్తు. మన గోళ్లును అదియే. ఈక మొలచు దినములలో పక్షి పస్తున్నచో, ఈకకు అడ్డముగా పలుచని గీతలు పడవచ్చును. అచ్చట అది సులువుగా విరుగును. రాలిన ఈకను వెలుతురునకు పట్టి చూచినచో ఒక్కొక్కప్పుడు ఆ గీత కనబడును. ఆ పక్షి ఆకలి దినము దాని ఒంటిమీదనే వ్రాసియున్నదన్నమాట.

మన గోదావరి సీమలో పంట ఇంటికి వచ్చినపుడు వరికంకులను కుచ్చులుగా అల్లి చూరునకు వ్రేలాడదీయు ఆచారము కలదు. మంచి ఆచారమే. కాని కుచ్చు కట్టితిమి గనుక పిచ్చుకల యెడ మన బాధ్యత తీరినదనుకొనుట పొరపాటని మేము తలంచుచున్నాము. పెద్ద పిచ్చుక గింజ తినును. గూటిలోని పిల్లకు తల్లిదండ్రులు తెచ్చిపెట్టునది ముఖ్యముగా పురుగులే. ఈకలు మొలపించు మాంసకృత్తు వడ్లగింజలో చాలినంత లేదు. దొడ్డిలోని తుప్పలన్నియు నరికి, నేలంతయు సిమెంటు చేసి, పాదులపై పురుగుమందు కొట్టి, చూరునకు కుచ్చు కట్టిన ఇంటిలో పెద్దపిట్ట తిని పోవును, పిల్ల పస్తుండును. మందు కొట్టనిదే వంకాయ చేతికి రాదని ఒక తండ్రి మాతో అన్నారు. వారి కష్టము మాకు తెలియనిది కాదు. దొడ్డిలో ఒక మూలనైనను తుప్పను, మందు పడని నేలను విడువుడని మాత్రమే మా మనవి.

నీటిపక్షుల మాటయు నింతే. మన యానాము చెంతనే కోరింగ మడ అడవులున్నవి; 1978లో అవి అభయారణ్యమైనవి. పోటుకు మునిగి ఆటుకు తేలు బురదనేల మన కంటికి పనికిరానిదిగా కనబడును గాని, దూరదేశములనుండి వచ్చు ఉల్లంకిపిట్టలకు అదియే వంటయిల్లు. ఆ బురదలో ప్లాస్టిక్ సంచులును సీసాలును పారవేయుచు, గట్టున నిలిచి పిట్టలకు మరమరాలు చల్లుట మాకు దయగా తోచదు.

విద్యార్థులారా! మీ ఇంటి చూరులో పిచ్చుక గూడున్నచో దానిని ముట్టకుడు. దూరమున కూర్చుండి, తల్లి నోట గింజ యున్నదో పురుగున్నదో చూచి వ్రాసికొని రండు. కొంగ ప్రశ్న అడిగిన బాలుడు ఇప్పటికే రెండు పుటలు నింపి తెచ్చినాడు. వానిలో గింజ అను మాట ఒక్కచోటనే యున్నది.